బీపీ ఇద్దరికీ ఉంది, పక్షవాతం వాచ్‌మన్‌కే ఎందుకొచ్చింది?

మాధవి_నాగోల్
మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి పోయిన నెల పక్షవాతం వచ్చింది. నలభై నాలుగేళ్ల మనిషి. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. పాలమూరు వైపు నుంచి వచ్చారు. భార్య మా ఫ్లాట్లలోనే ఇళ్లపని చేస్తుంది. బీపీ ఉందని అతనికి ముందే తెలుసట. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఆఫీసరు గారిదీ దాదాపు అదే వయసు, ఆయనకీ బీపీ, పైగా షుగరు కూడా. ఆయన రోజూ బిళ్ళ వేసుకుంటూ బాగానే తిరుగుతున్నారు.

అతను ఆస్పత్రిలో ఉన్న వారంలోనే మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "జీవనశైలి జబ్బులు మన చేతుల్లోనే" అని పోస్టు పెట్టారు. రోజూ నడవండి, అన్నం తగ్గించండి, పళ్లు తినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి, టెన్షన్ పెట్టుకోకండి. కింద వరసగా లైకులు. నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రి రెండింటికి గేటు తీయమని హారన్ కొట్టేది మనమే కదా, మరి ఆ మనిషి ఎనిమిది గంటలు ఎప్పుడు పడుకోవాలి?

డిశ్చార్జి కాగితంలోనూ అవే ఉన్నాయి. ఉప్పు తక్కువ, ఆకుకూరలు, పళ్లు, వ్యాయామం. ఇలాంటి వాళ్లకు అసలు తేడా ఎక్కడ పడుతోంది? తిండిలోనా, మందుల్లోనా, డబ్బులోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_రాజు
కోపం అర్థమైంది మేడమ్. కానీ అన్నీ పేదరికం ఖాతాలో వేసేస్తే ఎలా? అతను మందు తాగుతాడా, గుట్కా వేస్తాడా అన్నది మీరు రాయలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి, తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారని ఉంది. మా నాన్న కూలిపనే చేశాడు. డాక్టరు చెప్పగానే చుట్ట మానేశాడు, ముసలితనం దాకా బతికాడు. మనసుంటే మార్గముంటుంది.

మాధవి_నాగోల్
తాగుతాడు, అప్పుడప్పుడు. మూడో అంతస్తు ఆయనా తాగుతారు. ఆయన గురించి ఆ ప్రశ్న ఎవరూ అడగరు రాజు గారూ.

క్యాబ్_యాదగిరి
అక్క చెప్పిన చివరి మాటకు నా ఓటు.

మెడికల్‌షాపు_శ్రీను
ఉప్పల్ దగ్గర నా షాపు. తేడా ఎక్కడ పడుతోందో కౌంటర్ ఇవతల నుంచి నాకు రోజూ కనిపిస్తుంది.

సాయంత్రం ఏడు దాటాక పని దిగినవాళ్లు వస్తారు. "అన్నా, బీపీ గోళీలు ఐదు ఇయ్యి." నెలకు సరిపడా అడిగేవాళ్లు బహుతక్కువ. స్ట్రిప్పు కత్తెరతో కోసి ఇస్తాం. కోస్తే మందు పేరు ఒక ముక్క మీదికి, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీదికి పోతాయి. మళ్లీ వచ్చినప్పుడు ఖాళీ ముక్క చూపించి "ఇదే ఇయ్యి" అంటారు. దాని మీద సగం అక్షరాలు కూడా ఉండవు. గోళీ రంగు అడిగి, గుండ్రమా పొడుగా అని అడిగి పోల్చుకోవాలి. ఆ ఐదూ అయిపోయాక చేతిలో డబ్బు ఆడేదాకా ఆగుతారు. మళ్లీ తలనొప్పి వస్తే వస్తారు. తల నొయ్యకపోతే బీపీ లేనట్టే అని లెక్క. చాలామందికి బీపీ ఏ గుర్తూ చూపించదని ఎంత చెప్పినా నమ్మరు.

ఇంకోటి. డాక్టరు ఐదు రకాలు రాస్తారు: బీపీది, కొలెస్ట్రాల్‌ది, గ్యాసుది, విటమిన్, నరాల బలానికొకటి. మొత్తం ఎంతని అడిగి, అంత లేదని రెండు తీసెయ్యమంటారు. ఏవి తీసెయ్యమంటారో చూడండి. బీపీది, కొలెస్ట్రాల్‌ది. బలం గోళీ మాత్రం ఉండాలి, అది వేసుకుంటే ఒంట్లో తెలుస్తుందట. మొత్తంలో చవకైనది ఆ బీపీ గోళీయే. ఎమ్లోడిపిన్ అనే ఆ గోళీ సర్కారు చవక మందుల షాపు జనఔషధిలో ఒక్కోటి రూపాయి లోపే పడుతుంది.

కొత్తగా_చేరాను
శ్రీను గారూ, మా అమ్మమ్మా అంతే. షుగరు బిళ్ళ మర్చిపోతుంది కానీ ఎర్రటి బలం బిళ్ళ మాత్రం గంట కొట్టినట్టు వేసుకుంటుంది.

మెడికల్‌షాపు_శ్రీను
రంగు అలాంటిది మరి. షుగరు బిళ్ళను కూడా ఎర్రగా చెయ్యమని కంపెనీలకు రాద్దాం.

పబ్లిక్‌హెల్త్_పిల్లోడు
మాధవి గారి ప్రశ్న మీద పెద్ద అధ్యయనమే ఉంది. ప్యూర్ అంటారు, 2014లో ఫలితాలు వచ్చాయి. 17 దేశాల్లో లక్షన్నర మందికి పైగా పరీక్షించారు, అందులో మన దేశం కూడా ఉంది. బీపీ, కొలెస్ట్రాల్, పొగ, బరువు లాంటివన్నీ కలిపి లెక్కగడితే ముప్పు ఎక్కువగా తేలింది ధనిక దేశాల వాళ్లకి. గుండెజబ్బులతో, పక్షవాతంతో చనిపోవడం ఎక్కువగా కనిపించింది పేద దేశాల్లో. అంటే ముప్పు తక్కువున్నవాళ్లే ఎక్కువ మంది పోతున్నారు. ధనిక దేశాల్లో ముప్పును మందులతో అదుపులో పెడుతున్నారు, జబ్బు వస్తే వెంటనే వైద్యం దొరుకుతోంది. మీ మూడో అంతస్తుకూ వాచ్‌మన్ గదికీ ఉన్న తేడా అదే.

రాజు గారు తాగుడు, పొగ అన్నారు కాబట్టి ఇంకొకటి. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. అందరికీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది. అయినా కింది మెట్టు ఉద్యోగులు గుండెజబ్బుతో చనిపోవడం పైమెట్టు వాళ్లకంటే మూడు రెట్లకు పైగా ఉంది. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసి చూసినా ఆ తేడాలో సగానికి పైగా అలాగే మిగిలింది.

గోదారి_రాజు
లండన్ సంగతి మాకెందుకు తమ్ముడూ, మన ఊళ్ల సంగతి చెప్పు.

పబ్లిక్‌హెల్త్_పిల్లోడు
మీ గోదావరి జిల్లాలదే ఉంది రాజు గారూ. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఎవరు దేనితో చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్లి కనుక్కున్నారు. 2006లో అచ్చయింది. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువ చంపుతాయని అప్పటిదాకా అందరి నమ్మకం. తీరా చూస్తే చావుల్లో దాదాపు మూడో వంతు గుండెపోటు, పక్షవాతం లాంటి వాటివే.

షుగరు కథ ఇంకా కొత్తది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షుగరు మీద చేసే ఇండియాబ్ సర్వే 2017లో 15 రాష్ట్రాల లెక్కలు ఇచ్చింది. బాగా అభివృద్ధి చెందిన రాష్ట్రాల్లోని పట్టణాల్లో షుగరు డబ్బున్నవాళ్లలో కంటే లేనివాళ్లలోనే ఎక్కువ కనిపించింది. ఒకప్పుడు షుగరంటే షావుకార్ల జబ్బు అనేవాళ్లు కదా. అదే సర్వే మొత్తం దేశానికి 2023లో వచ్చింది. షుగరు పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9. షుగరు అంచున ఉన్నవాళ్లు మాత్రం రెండు చోట్లా 15 శాతం చుట్టూనే. పల్లెకు రాబోయేది అందులోనే కనిపిస్తోంది.

గోదారి_రాజు
పల్లె సంగతి నేను రోజూ చూస్తున్నా, ఒప్పుకుంటా. నాట్లకు మిషను, కోతకు మిషను, చెరువు గట్టుకి వెళ్లాలన్నా బండి. మూడు పూటలా అన్నం మాత్రం తగ్గలేదు. ఒళ్లొంచిన రోజుల తిండే ఇప్పుడూ తింటున్నాం. అయినా నా మాట నాదే. మందు ఇచ్చే వ్యవస్థ ఎంత బాగున్నా, సాయంత్రం అయ్యేసరికి బెల్టుషాపు దగ్గర నిలబడే వాడిని ఎవరు కాపాడతారు? డబ్బున్నవాడు తాగితే వాడి లివరే పోతుంది. లేనివాడు తాగితే ఇంట్లో పాలు, కూర, బీపీ బిళ్ళ అన్నీ పోతాయి. అందుకే పేదవాడికి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలంటాను.

మాధవి_నాగోల్
చెప్పండి, కాదనను. అయితే బెల్టుషాపు రాత్రి పదకొండుకీ తెరిచి ఉంటుంది, మందులిచ్చే దవాఖానా సాయంత్రం నాలుగుకే మూసేస్తారు. ఆ సంగతి కూడా అంతే గట్టిగా చెప్పాలి.

ఏఎన్‌ఎం_అక్క
మాధవి గారి మాట పట్టుకుని చెప్తాను. నాది నల్గొండ వైపు సబ్‌సెంటర్. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడాలి. ఇంటింటికీ తిరుగుతాం. తిరిగేది పగలు. నాట్ల కాలంలో తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కినవాళ్లు చీకటి పడ్డాకే దిగుతారు. పత్తి ఏరే రోజుల్లో ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. ముప్పై అయిదు, నలభై అయిదేళ్ల మగవాళ్లు మాకు దొరకరు. పక్షవాతం వచ్చి పడిపోతున్నది వాళ్లే.

దొరికిన వాళ్లకు గోళీలు ఉచితమే. కానీ అవి తీసుకోవడానికి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) రావాలంటే సగం కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే. నెలకు సరిపడా ఇచ్చిన చోట వస్తారు. స్టాకు తక్కువైందని పది రోజులకిచ్చి మళ్లీ రమ్మంటే రెండోసారి రారు. వాళ్లను తప్పు పట్టను. ఒకామె నాతో అన్నది, "అక్కా, గోళీ కోసం వస్తే కూలి పాయె, కూలికి పోతే గోళీ పాయె."

పద్ధతిగా చేస్తే ఫలితం ఉంటుంది. దేశంలో బీపీ అదుపు కార్యక్రమం 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలుపెడితే అందులో తెలంగాణ ఒకటి. ఊరికో రకం గోళీ కాకుండా అందరికీ ఒకే వరస మందులు, నెలకు సరిపడా చేతికివ్వడం, రాని వాళ్లకు ఫోను చెయ్యడం. అంతే, పెద్ద చదువు అక్కర్లేదు. నా రిజిస్టర్‌లో వరసగా ఆరు నెలలు టిక్కు పడ్డవాళ్ల బీపీ నూటనలభై దాటడం అరుదు.

వలస వాళ్లతో మాత్రం ఓడిపోతున్నాం. పేరు మా రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. అక్కడ అడిగితే "మీ ఊళ్లో తీసుకో" అంటారు. మీ వాచ్‌మన్ పేరు కూడా ఏ అక్క రిజిస్టర్‌లోనో ఖాళీ గడులతో ఉండే ఉంటుంది.

సిక్కోలు_చిన్నోడు
అక్క రాసిన ఖాళీ గడుల మాట దగ్గర ఆగిపోయాను.

మాది శ్రీకాకుళం. పొగ మానాలని రాజు గారు అన్నారు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. తెలియని వాళ్లకు: చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. పెదాలు మూసి, బుగ్గలు లోపలికి పీల్చి, అప్పుడప్పుడు మాత్రం బూడిద దులపడానికి బయటికి తీస్తారు. ఎక్కువగా ఆడవాళ్లే. తడి పొలంలో, గాలిలో నిప్పు ఆరదని ఒకరంటారు, మగవాళ్లకు పొగ కనిపించదని ఇంకొకరంటారు. మానెయ్యమంటే మా నాయనమ్మ ఒకటే చెప్పేది, అది ఉంటే ఆకలి తెలీదు అని. రెండు చేతులతో వంగి నాట్లు వేస్తూ మధ్యాహ్నం దాకా ఏమీ తినని మనిషి ఆ మాటంటే నేనేం చెప్పగలను? అంగిలి మీద తెల్ల మచ్చ వచ్చింది, తర్వాత పుండు పడింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆమె నోరు తెరిచి చూసిన మొదటి డాక్టరు ఆ కేన్సర్ డాక్టరే.

ఇంకో సంగతి. మా జిల్లాలోని ఉద్దానంలో కిడ్నీలు పోతున్న వాళ్లలో చాలామందికి షుగరు లేదు, ముందు నుంచి బీపీ లేదు. జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసే జనం. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, మంచిదే. కానీ మావాళ్లను కూడా "అలవాట్లు మార్చుకోండి" అంటుంటే కడుపు రగులుతుంది.

గోదారి_రాజు
ఆ మాట మీ వాళ్లకు చెప్పకూడదు, అది నిజం. ఉద్దానం వేరే లెక్క.

టీచర్_సుజాత
అన్నం తగ్గించాలన్న మాట మీద నాకు చెప్పాలని ఉంది. మాది పాలమూరే. మా తాతల కాలంలో జొన్నరొట్టె, గటక. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాక అందరిళ్లలో అన్నం ఉడికింది. దాన్ని తప్పంటే నేను ఊరుకోను, ఆకలి ఎలా ఉంటుందో మా అమ్మ చెప్పింది. ఇప్పుడు రేషన్‌లో మనిషికి ఆరు కిలోల బియ్యం వస్తుంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. కందిపప్పు, నూనె, కూరగాయలు బజార్లో కొనాలి. జొన్నలు కొనాలంటే వాటి ధర వేరే. అంచేత పళ్లెం నిండా అన్నం, దాని మీద ఇంత పచ్చడి. ఆ పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. ఉప్పంతా అక్కడే ఉంది. రోజుకు ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పచ్చడి మెతుకులు తినేవాడికి అది పొద్దున్నే అయిపోతుంది.

పళ్లెంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలని మన తార్నాకలోని పోషకాహార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. మాట సరైనదే. మా బడి పిల్లల ఇళ్లలో పండు కొనేది ఎవరికైనా జ్వరం వస్తేనే.

క్యాబ్_యాదగిరి
జ్వరం వస్తేనే పండు. మా ఇంట్లో కూడా అదే లెక్క టీచరమ్మా.

పబ్లిక్‌హెల్త్_పిల్లోడు
సుజాత మేడమ్, పిల్లల మాట వచ్చింది కాబట్టి మన దగ్గర జరిగిందే చెప్తాను. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లను తీసుకుని, కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లలో ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగున్నారు, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. నలభయ్యో ఏట వచ్చే షుగరుకు తల్లి కడుపులో ఉన్నప్పుడే పునాది పడుతుందని పుణేలో జరిగిన పరిశోధనలు కూడా చెప్తున్నాయి. మన పిల్లలు తక్కువ బరువుతో పుడతారు, ఆ తక్కువలోనే కొవ్వు పాలు ఎక్కువ. అందుకే సన్నగా ఉన్న కూలీకి కూడా షుగరు వస్తుంది.

లెస్టర్_లక్ష్మి
ఇంగ్లండ్‌లో దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. తెల్లవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 30 దగ్గర ఉండే షుగరు ముప్పు మన దక్షిణాసియా వాళ్లకు 23.9 దగ్గరే వచ్చేస్తుందని 2021లో పెద్ద అధ్యయనం తేల్చింది. మా ఆయన సన్నగా ఉన్నా డాక్టరు ముందే పరీక్ష రాశారు. షుగరుకు మందులు వాడేవాళ్లకు ఇక్కడ మందులన్నీ ఉచితం. అయినా మా వీధిలో ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టుకు వెళ్లే మనవాళ్లకూ ఐటీలో ఉన్న మనవాళ్లకూ తేడా కళ్లకు కడుతుంది. మందు ఉచితమైతే సగం గండం గట్టెక్కినట్టే, మిగతా సగం పని గంటల్లో ఉంది.

క్యాబ్_యాదగిరి
పని గంటల గురించి నన్నడగండి. ఎయిర్‌పోర్టు డ్యూటీ, రాత్రంతా సీట్లోనే. నిద్ర ఆపుకోవడానికి ఇరానీ చాయ్, అందులో చక్కెర ఎంతుంటుందో మీకు తెలుసు. ఆకలైతే ఆ టైముకు దొరికేది బిర్యానీ, మిర్చి బజ్జీ. బండి ఆపి మూత్రానికి పోయే చోటుండదు, అందుకని నీళ్లు తాగను. షుగరు చూపించుకుందామని పోతే "పొద్దున పరగడుపున రండి" అన్నారు. రాత్రి మూడింటికి తిని పొద్దున ఏడింటికి పడుకునేవాడికి పరగడుపు ఎప్పుడు వస్తుంది? రెండుసార్లు తిప్పి పంపాక మళ్లీ పోలేదు.

ఏఎన్‌ఎం_అక్క
యాదగిరి తమ్ముడూ, హెచ్‌బీఏ1సీ అని ఒక రక్తపరీక్ష ఉంది. తిన్నా తినకపోయినా ఏ వేళకైనా చేయించుకోవచ్చు, దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది. 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగరు కింద లెక్క, 5.7 నుంచి 6.4 అంచున ఉన్నట్టు. ఈ వారమే చేయించుకో. నీళ్లు మాత్రం మానెయ్యకు, అసలే పగలంతా ఎండ.

క్యాబ్_యాదగిరి
ఆ పేరు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు అక్కా. రాసుకున్నా.

మెడికల్‌షాపు_శ్రీను
ఆరోగ్యశ్రీ గురించి ఎవరూ అనలేదు. 2007 నుంచి ఉంది, 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలకు పెంచారు. స్టెంటు పడాల్సినవాడి ప్రాణం నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ ఆస్పత్రిలో పడ్డాక వచ్చే డబ్బు అది. పడకుండా ఆపేది రోజూ వేసుకునే గోళీ. స్టెంటు వేయించుకుని వచ్చిన మనిషి కూడా నా దగ్గర ఐదేసి గోళీలే కొంటున్నాడు. ఆ స్టెంటు మళ్లీ మూసుకుపోతే ఇంకో ఆపరేషన్‌కు డబ్బిస్తారు.

పబ్లిక్‌హెల్త్_పిల్లోడు
దీనికి మించి నేను చెప్పగలిగేది లేదు శ్రీను అన్నా.

మాధవి_నాగోల్
అందరివీ చదివాను. ఆదివారం అసోసియేషన్ మీటింగులో రెండు అడగబోతున్నాను. రాత్రి గేటుకు వేరే మనిషిని పెట్టాలి, ఒకే మనిషితో ఇరవై నాలుగు గంటలూ చేయించడం ఆపాలి. మందులకు వెళ్లే రోజు జీతం కొయ్యకూడదు. మెయింటెనెన్స్ పెరుగుతుందని కొందరు గొడవ పడతారు, పడనివ్వండి. బీపీ మిషను నేనే కొనిద్దామనుకుంటున్నాను. ఏది మంచిది? వాళ్లింట్లో ఉప్పు తగ్గించడానికి సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లు కూడా కొనొచ్చా?

ఏఎన్‌ఎం_అక్క
మణికట్టుకు పెట్టేది వద్దు, జబ్బకు పట్టీ చుట్టేది తీసుకోండి. పట్టీ సైజు సరిపోవాలి. పడిపోయిన చేతికి కాకుండా రెండో చేతికి చూడండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, మాట్లాడకుండా చూడాలి. చాయ్ తాగిన వెంటనే చూడకండి. అంకెలు నోటుబుక్కులో రాసి దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరుకు పని సులువు.

గోదారి_రాజు
మీటింగులో ఎవరైనా డబ్బు గురించి గొడవ పడితే, వాళ్ల కార్ల సర్వీసింగుకు ఏడాదికి ఎంతవుతుందో అడగండి మేడమ్. తాగుడు మాన్పించే ప్రయత్నం కూడా చెయ్యండి, ఆ మాట వదలను.

పబ్లిక్‌హెల్త్_పిల్లోడు
ఉప్పు గురించి. చైనాలో 600 ఊళ్లలో మామూలు ఉప్పుకు బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి చూశారు, 2021లో ఫలితం వచ్చింది. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అక్కడ ఉప్పు ఉచితంగా ఇచ్చారు. మన దగ్గర ఆ ప్యాకెట్టు మామూలు ఉప్పుకంటే బాగా ఖరీదు, ఒక ఇల్లంతా వాడాలంటే కష్టం. రేషన్‌లో ఇస్తే ఎంత బాగుంటుందో.

సిక్కోలు_చిన్నోడు
ఇస్తే మా ఉద్దానంలో జాగ్రత్తగా ఇవ్వాలి. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లకు పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె ఆగే ప్రమాదం ఉంది. మాధవి గారూ, కొనేముందు మీ వాచ్‌మన్‌కి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయించండి.

మాధవి_నాగోల్
సరే, పరీక్ష అయ్యేదాకా ఉప్పు ప్యాకెట్టు కొనను. మిషను రేపు తెస్తాను.